విదేశంలో చేతిపని నేర్పాలంటే: ఏ పని, ఏ దారి, ఎన్నాళ్లు?

శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి నేత, మాధవమాల చెక్క బొమ్మలు, పలమనేరు మట్టిపని, ఇవి కాక వీధికో కుట్టు కేంద్రం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చేతిపని తెలిసినవాళ్లకు కొదవ లేదు. వీళ్లలో కొందరికి కెన్యా నుంచో, ఉగాండా నుంచో, నేపాల్ నుంచో పిలుపు వస్తుంది: మా ఊరి ఆడవాళ్లకు, బడి మానేసిన పిల్లలకు ఏదైనా పని నేర్పి వెళ్లండి అని. పిలిచేది స్వచ్ఛంద సంస్థ కావచ్చు, చర్చి కావచ్చు, ఆశ్రమం కావచ్చు, అక్కడ స్థిరపడిన బంధువు కావచ్చు.

పిలుపు అందగానే చాలామంది "నాకు బాగా వచ్చిన పని ఏది?" అని ఆలోచిస్తారు. అది తర్వాతి సంగతి. మీరు తిరిగొచ్చిన నాలుగో నెలలో ఆ ఊరివాళ్లు ఏ ముడిసరుకుతో పని చేస్తారు, చేసింది ఎవరికి అమ్ముతారు, పనిముట్టు చెడితే ఎవరు బాగుచేస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికిన పనే నేర్పదగిన పని. ఇక్కడ అవార్డు తెచ్చిన పని అక్కడ ఆరు నెలల్లో మూలపడటం, ఇక్కడ ఎవరూ లెక్కచేయని మిషను రిపేరు అక్కడ ఇద్దరికి బతుకుతెరువు కావడం ఈ రంగంలో మామూలే.

మా సలహా ముందే చెప్పేస్తాం. మూడు నెలల లోపైతే కుట్టుపని, దానితో పాటు మిషను రిపేరు. కలంకారీ నేర్పాలనుంటే మీరు అక్కడికి పోవడం కన్నా వాళ్లలో ఇద్దరిని ఇక్కడికి రప్పించడం మేలు. మట్టిపని అక్కడ ఇప్పటికే కుమ్మరులున్న ఊళ్లోనే. నేత, చెక్కపని చాలా సందర్భాల్లో వద్దు. కారణాలు కింద ఉన్నాయి; మీ పరిస్థితి వేరైతే ఎంపికా మారుతుంది.

కుట్టుపని

దీన్ని ముందు పెట్టడానికి మొదటి కారణం పనిముట్టు. మన ఇళ్లలో ఉండే నల్ల తల తొక్కుడు మిషను, తూర్పు ఆఫ్రికా ఊళ్లలో కనిపించే సింగర్, బటర్‌ఫ్లై మిషన్లు ఒకే కుదురువి. సూది హెచ్‌ఏ×1 రకమే, బాబిన్, బాబిన్ కేసు దాదాపు అవే. కాబట్టి మిషను ఇక్కడి నుంచి మోసుకుపోకండి. తల ఒక్కటే సుమారు 12 కిలోలు, స్టాండు వేరు. అక్కడే కొనిస్తే రేపు విడిభాగం దొరికే దుకాణం కూడా వాళ్లకు తెలిసి ఉంటుంది. ఫ్యాక్టరీల్లో వాడే కరెంటు మిషన్లు దానంగా వస్తే జాగ్రత్త. వాటి సూది డీబీ×1, తొక్కుడు మిషనుకు సరిపోదు. రెండూ ఒకే గదిలో ఉంటే సూదులు కలిసిపోయి సగం రోజు కుట్టు ఎందుకు తప్పుతోందో వెతకడానికే పోతుంది. కరెంటు నమ్మకం లేని ఊళ్లో తొక్కుడు మిషనే రాజు.

రెండో కారణం గిరాకీ, అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. తూర్పు ఆఫ్రికా సంతల్లో విదేశాల నుంచి వచ్చిన పాత బట్టలు గుట్టలుగా అమ్ముతారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు కుట్టిన చొక్కా ఆ ధరతో పోటీపడలేదు. 2016లో తూర్పు ఆఫ్రికా దేశాల కూటమి ఈ దిగుమతులను క్రమంగా ఆపాలని అనుకుంది. రువాండా సుంకాలు బాగా పెంచింది, దాంతో 2018లో అమెరికా ఆ దేశపు దుస్తులకు ఇచ్చిన సుంకం రాయితీని నిలిపేసింది. మిగతా చోట్ల పాత బట్టల వ్యాపారం అలాగే సాగుతోంది. అందుకని అక్కడి దర్జీలు నిలబడేది మూడింటి మీద: బడి యూనిఫాం, కిటెంగె అనే రంగుల అచ్చు గుడ్డతో కుట్టే గౌన్లు, పాత బట్టల సైజు సరిచేయడం. మన దగ్గర గొప్పగా చెప్పుకునే జాకెట్టు కటింగ్ అక్కడ ఒక్కరికీ అక్కర్లేదు. బయల్దేరే ముందు నిక్కరు, కుచ్చుల స్కర్టు, కాలరు చొక్కా చేయి తిరిగేలా సాధన చేసుకోండి. అక్కడి యూనిఫాం నమూనా ఒకటి ఫొటో కాకుండా కొలతలతో తెప్పించుకోండి.

యూనిఫాం అంటే కాలం కూడా చూసుకోవాలి. మన దగ్గర హడావుడి జూన్‌లో. కెన్యా, టాంజానియాల్లో బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది. శిక్షణ నవంబరుకల్లా ముగిస్తే డిసెంబరులో తొలి ఆర్డరు చేతికొస్తుంది. ఫిబ్రవరిలో ముగిస్తే దాదాపు ఏడాది ఖాళీగా కూర్చోవాలి, ఈలోగా నేర్చుకున్నవాళ్లు సగంమంది వేరే పనికి పోతారు.

ఒక గురువుకు పదిమంది, ఇద్దరికో మిషను. పన్నెండు మంది దాటితే తప్పు కుట్టు ఎవరిదో చూసేలోగా వాళ్లు దాన్నే అలవాటు చేసుకుంటారు. మొదటి వారం దారం ఎక్కించకుండా గీతల కాగితం మీద కుట్టించండి. తొక్కుడు లయ, చక్రం వెనక్కి తిరగకుండా ఆపడం, మూల దగ్గర సూది దించి కాగితం తిప్పడం అన్నీ అక్కడే వస్తాయి. గుడ్డ వృథా కాదు. ఈ కాగితం పనికి వాడిన సూదులు మొద్దుబారతాయి కాబట్టి గుడ్డకు మళ్లీ వాడకూడదు. రెండు, మూడు వారాలు నేరు కుట్లు, అంచు మడత. ఓవర్‌లాక్ మిషను ఉండదనే అనుకోండి. లోపలి అంచును మడిచి రెండుసార్లు కుట్టే పద్ధతి అప్పుడే నేర్పాలి, తర్వాత నేర్పితే ఎవరూ వినరు. నాలుగు నుంచి ఆరు వారాలు నిక్కరు, స్కర్టు. ఏడు నుంచి తొమ్మిది కాలరు చొక్కా, కాజాలు. పదో వారం మొత్తం రిపేరు. మిగిలిన రెండు వారాలు నిజమైన ఆర్డరు, నిజమైన డబ్బు. సాధనకు కొత్త గుడ్డ కొనక్కర్లేదు. సంతలో పాత చొక్కాలు తెచ్చి కుట్లు విప్పించండి. గుడ్డ దొరుకుతుంది, కటింగ్ ఎలా ఉంటుందో కళ్లకు కనబడుతుంది.

రిపేరు వారం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, శిక్షణ కేంద్రాలు మూతపడేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే. మిషను ఆగిపోతే దాన్ని మూలకు నెట్టేస్తారు; ఏడాదిలో పదికి మూడే తిరుగుతుంటాయి. అసలు లోపాలు నాలుగైదే. కుట్టు తప్పుతోందంటే సూది తిరగబడి ఉంటుంది, లేదా వంగి ఉంటుంది. సూది మీద పొడవాటి గాడి దారం లోపలికి వచ్చే వైపు, చదును భాగం షటిల్ వైపు ఉండాలి. గుడ్డ కింద దారం పిచ్చుక గూడులా చుట్టుకుంటే అందరూ బాబిన్‌ను తిడతారు, కానీ తప్పు పైదారానిది: అది టెన్షన్ బిళ్లల మధ్యలోకి దిగలేదు. గుడ్డను నొక్కే పాదం (ప్రెసర్ ఫుట్) పైకెత్తి దారం ఎక్కిస్తే బిళ్లలు విచ్చుకుంటాయి, సమస్య పోతుంది. పైదారం తెగుతుంటే సూది కన్నం చిన్నదై ఉంటుంది, లేదా సూది ప్లేటు రంధ్రం అంచు గరుకెక్కి ఉంటుంది. సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేయాలి. తొక్కడం బరువైతే ఎవరో వంటనూనె పోశారని అర్థం. అది జిగురై గట్టిపడుతుంది. కిరోసిన్ వేసి తిప్పి, తుడిచి, మిషను నూనె వేయాలి. తోలు బెల్టు తడి కాలంలో సాగి జారుతుంది. పిన్ను తీసి అర అంగుళం కోసి మళ్లీ బిగిస్తే చాలు.

పది మంది, ఐదు మిషన్లు, మూడు నెలలకు సంచిలో పెట్టుకోవాల్సింది: 14 నంబరు సూదులు 100, 16 నంబరు 50, 18 నంబరు 20, బాబిన్లు 30, బాబిన్ కేసులు 5, షటిల్ 2, టెన్షన్ స్ప్రింగులు 5, తోలు బెల్టులు 4, ఒక్కోటి సుమారు ఆరడుగులు, చిన్నా పెద్దా స్క్రూడ్రైవర్లు మూడేసి, టేపులు 12. నూనె అక్కడే కొనండి, విమానంలో ఇబ్బంది. కత్తెర్లు, సూదులు, స్క్రూడ్రైవర్లు చేతి సంచిలో కాకుండా లోపల వేసే పెట్టెలో.

కలంకారీ

శ్రీకాళహస్తి పేరు చెప్పగానే అందరూ అడిగేది ఇదే. చూడ్డానికి మిషను లేని పని, కరెంటు లేని పని, కలం ఒక వెదురు పుల్ల. కాబట్టి ఎక్కడైనా నేర్పొచ్చనిపిస్తుంది. నిజానికి అక్కడికి తీసుకుపోవడానికి కష్టమైన పనుల్లో ఇదొకటి, ఎందుకంటే ఇందులో సగం రసాయనం.

గాడా (ముతక నూలు) గుడ్డను కరక్కాయ, గేదెపాల నీళ్లలో తడిపి ఆరబెడతాం. కరక్కాయలోని వగరు గుడ్డకు పడుతుంది, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. ఆ గుడ్డ మీద కసిమి (బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము పులియబెట్టిన సిరా) గీత పడగానే ఇనుము, వగరు కలిసి నల్లబడతాయి. పటిక రాసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఈ గొలుసులో ఒక్క లంకె మారినా ఫలితం మారుతుంది.

కరక్కాయ చెట్టు ఆసియాది. ఆఫ్రికా ఊళ్లో దొరకదు. గుడ్డ బరువులో 20 శాతం కరక్కాయ పొడి లెక్కన 5 కిలోల గుడ్డకు కిలో పొడి కావాలి. మీరు ఒకసారి మోసుకుపోవచ్చు, మరి తర్వాత? బదులు అక్కడే ఉంది: నల్ల తుమ్మ. సుడాన్, ఇథియోపియా, కెన్యా పొడి నేలల్లో అది మన దగ్గరలాగే పెరుగుతుంది, దాని కాయలతో తోళ్లు ఊనుతారు. తుమ్మకాయ వగరుతో నలుపు బాగానే వస్తుంది. గుడ్డ నేల రంగు మాత్రం కరక్కాయ ఇచ్చే లేత పసుపు కాకుండా గోధుమకు తిరుగుతుంది, పసుపు రంగులు మందగిస్తాయి. కాబట్టి నలుపు, ఎరుపు నమూనాలే ఎంచుకోవాలి. గేదెలు లేని ఊళ్లో ఆవుపాలు వాడితే కొవ్వు తక్కువై గీత పాకుతుంది. నీళ్లు తగ్గించి చిక్కగా కలపండి, చిన్న ముక్క మీద గీసి చూశాకే మొత్తం గుడ్డ ముంచండి.

కసిమికి 10 లీటర్ల నీళ్లు, కిలో బెల్లం, రెండు మూడు కిలోల తుప్పు ఇనుము. తిరుపతి ఎండలో రెండు మూడు వారాలకు పులుస్తుంది. నైరోబి సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది, అడిస్ అబాబా 2,300 మీటర్లకు పైన. ఆ చల్లదనంలో నెల దాటినా కుండ మందకొడిగానే ఉంటుంది. నెల రోజుల శిక్షణకు వెళ్లిన గురువు కసిమి తయారయ్యేలోగా తిరుగు విమానం ఎక్కేస్తాడు. ముందే అక్కడివాళ్లకు ఫోన్లో చెప్పి కుండ పెట్టించాలి. బెల్లానికి ఇబ్బంది లేదు, కెన్యా, ఉగాండాల్లో చెరకు బెల్లం చేస్తారు. పులియకుండానే గీస్తే నలుపు బదులు తుప్పు రంగు వస్తుంది. మరీ చిక్కగా గీసి సరిగా ఉతక్కపోతే ఏడాది రెండేళ్లలో గీత ఉన్న చోటే గుడ్డ చిరుగుతుంది, ఇనుము నూలును తినేస్తుంది కాబట్టి.

నీళ్లు ఇంకో చిక్కు. రంగు పని అంటే ఉతుకుడు పని. నాలుగు కిలోమీటర్లు నడిచి బిందెతో నీళ్లు తెచ్చుకునే ఊళ్లో ఒక్కో గుడ్డను పలుమార్లు పారే నీళ్లలో జాడించమనడం సబబు కాదు. బోరునీళ్లలో ఇనుముంటే పటిక మీద ఎరుపు మాడిన రంగుకు తిరుగుతుంది. రెండు లీటర్ల నీళ్లు కాచి, పటిక పట్టించిన చిన్న పేలికను మంజిష్ఠతో (ఎరుపు రంగునిచ్చే వేరు) ఉడికించి ఫొటో పంపమనండి, వెళ్లకముందే తెలిసిపోతుంది.

ఇంకోటి, కొన్నిచోట్ల మీరు నేర్పబోయేది వాళ్లకు ముందే తెలుసు. మాలిలో బొగొలాన్ గుడ్డ చేసే విధానం ఇదే రసాయనం: ఆకుల వగరులో ముంచి, పులియబెట్టిన ఇనుప బురదతో గీస్తారు. ఉగాండాలో చెట్టు బెరడును కొట్టి గుడ్డ చేసే విద్యను యునెస్కో గుర్తించింది. అలాంటి చోట నల్లగీత ఎలా వేయాలో చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. వాళ్లకు లేనిది ఎరుపు అయితే పటిక పని ఒక్కటే నేర్పి రండి.

గురువుల మాటెలా ఉన్నా కాలం విషయంలో మొహమాటం పనికిరాదు. ఈ విద్య శ్రీకాళహస్తిలోనే కొడిగట్టిన దశలో, 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ నిలదొక్కుకుంది. సొంత గడ్డ మీదే కేంద్రం పెట్టి నేర్పాల్సి వచ్చిన పని పరాయి చోట ఆరు వారాల్లో నిలబడదు. అక్కడ తయారైన గుడ్డకు శ్రీకాళహస్తి పేరు పెట్టనివ్వకండి కూడా. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, దాని మీద ఇక్కడ వందల ఇళ్లు బతుకుతున్నాయి. వాళ్ల ఊరి పేరుతోనే అమ్ముకోనివ్వండి.

మట్టిపని, నేత, చెక్కపని

మట్టిపనిలో పెద్ద మేలు ముడిసరుకు కాళ్ల కిందే ఉండటం. పెద్ద కీడు, అన్ని మట్లూ పలమనేరు మట్టిలా ఉండకపోవడం. దిగిన రోజే పరీక్ష చేయండి. చిటికెన వేలంత తీగ చేసి వేలికి చుడితే విరగకూడదు. 15 సెంటీమీటర్ల పట్టీ చేసి దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి నీడలో ఆరబెట్టండి. గీత 9 సెంటీమీటర్ల కన్నా తగ్గితే మట్టి మరీ బంక, ఇసుకో నలిపిన పెంకు పొడో కలపాలి. మట్టిలో సున్నపు రాళ్లుంటే కాల్చిన వారానికి కుండ మీద పెచ్చులు లేస్తాయి. జల్లెడ పట్టడం తప్ప మందు లేదు. కాల్చేటప్పుడు పేలడానికి కారణం ఎప్పుడూ తడే. మొదటి నాలుగైదు గంటలు పొగ సెగ మాత్రమే పెట్టాలి.

సారె నేర్పాలని తొందరపడొద్దు. ఆఫ్రికాలో చాలాచోట్ల కుండలు చేసేది ఆడవాళ్లు, సారె లేకుండా చేత్తో చుట్టుకుంటూ లేపుతారు. సారె పెట్టగానే ఆ పని మగవాళ్ల చేతికి పోయే ప్రమాదం ఉంది, అప్పుడు మీరు సాయం చేయాలనుకున్నవాళ్లకే నష్టం. వాళ్లకు కావలసింది చాలావరకు కొత్త సరుకు. 1980ల తొలినాళ్లలో కెన్యాలో వచ్చిన మట్టి లోపొర బొగ్గుల కుంపటి దీనికి చక్కటి ఉదాహరణ. థాయ్‌లాండ్ బకెట్ పొయ్యిని చూసి మార్చుకున్నది అది. బయట రేకు, లోపల కాల్చిన మట్టి. రేకుపనివాళ్లకు, కుమ్మరులకు ఇద్దరికీ పని దొరికింది. బొమ్మల గుర్రాల కన్నా ఇలాంటి లోపొరను సమాన మందంతో పోయడం నేర్పితే ఎక్కువ కాలం నిలుస్తుంది.

నేత సంగతి పొట్టిగా చెప్పొచ్చు. వెంకటగిరి సన్న నూలు అక్కడ దొరకదు, పన్నె (మగ్గంలో పోగులను విడదీసే దువ్వెన లాంటి భాగం) విరిగితే చేసేవాడు ఉండడు, గుంత మగ్గం నేల తేమ ఎక్కువున్న చోట వానాకాలంలో చెరువవుతుంది. జాందానీ బుటా పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. ఇథియోపియాలో గుంత మగ్గం వాళ్ల సొంత విద్యే; అక్కడికైతే నేర్పడానికి కాదు, అంచు నమూనాలు గానీ రంగుల అద్దకం గానీ పంచుకోవడానికి వెళ్లొచ్చు.

చెక్కపనికి ముందే ఒక హెచ్చరిక: ఎర్రచందనం ముక్క కూడా పెట్టెలో పెట్టుకోకండి, నమూనా బొమ్మ అయినా సరే. అది అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణలో ఉన్న చెక్క. అనుమతి లేకుండా దేశం దాటిస్తే నేరం. అక్కడి నల్ల చెక్క, రోజ్‌వుడ్‌లదీ ఇదే కథ, 2017 నుంచి డాల్బెర్జియా జాతి మొత్తం ఆ జాబితాలో ఉంది. కెన్యాలో కంబా తెగ శిల్పులు అడవి చెక్క కరువై వేప, మామిడి, జకరండా వైపు మళ్లారు. మాధవమాల పనివాళ్లకు నిజంగా నేర్పదగినది ఉలి పదును పెట్టడం, పచ్చి చెక్క పగలకుండా ఆరబెట్టడం. రెండూ పదిహేను రోజుల్లో నేర్పేయొచ్చు.

ఏ దారిలో వెళ్లాలి

మన వైపు విదేశం అంటే కువైట్ అనే అలవాటు. ఏజెంటు, డబ్బు, వీసా, ఆ లెక్కలోనే నేర్పే పనినీ చూస్తారు. నేర్పడానికి రమ్మని మీ దగ్గరే డబ్బు అడిగేవాడు నేర్పించడానికి పిలవట్లేదు. పది రోజుల "సేవా యాత్ర"కు రుసుము తీసుకునే సంస్థలూ ఉన్నాయి. అది విహారయాత్ర అనుకుని వెళ్తే తప్పులేదు, పని నేర్పడం మాత్రం జరగదు.

పెద్ద పేర్లు విని దరఖాస్తు పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది: అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్‌లో అమెరికా పౌరులకే చోటు, జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా నడిపే స్వచ్ఛంద సేవకుల పథకం జపాన్ వాళ్లకే. మన ప్రభుత్వానికి 1964లో మొదలైన ఐటెక్ (ఇతర దేశాలకు సాంకేతిక, ఆర్థిక సహకార పథకం) ఉంది. దాని కింద నిపుణులను పంపుతారు, విదేశీయులకు ఇక్కడ శిక్షణా ఇస్తారు. అయితే మీరు నేరుగా పెట్టుకునే దరఖాస్తు కాదది. అవతలి ప్రభుత్వం మన రాయబార కార్యాలయం ద్వారా అడగాలి. పిలిచే సంస్థకు అక్కడి ప్రభుత్వంతో పరిచయం ఉంటే ఈ దారి చెప్పండి. నెమ్మది, కానీ ఖర్చు మీ మీద పడదు.

చిన్న సంస్థ, చర్చి, ఆశ్రమం పిలిస్తే కాగితం మీద ఐదు విషయాలు రాయించుకోండి: విమాన టికెట్టు రానూ పోనూ ఎవరిది, వసతి, వైద్య బీమా, ముడిసరుకు డబ్బు, నేర్చుకునేవాళ్లకు రోజు భత్యం. చివరిది చాలామంది మరచిపోతారు. కూలికి పోతే పూట గడిచే మనిషి మూడు నెలలు ఉచితంగా వచ్చి కూర్చోలేదు. భత్యం లేని తరగతికి తీరిక ఉన్నవాళ్లే వస్తారు, అవసరం ఉన్నవాళ్లు రారు.

ఇక వాళ్లనే ఇక్కడికి రప్పించే దారి. రాజస్థాన్ తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ ఏళ్ల తరబడి ఇదే చేసింది: ఆఫ్రికా, ఇతర దేశాల పల్లె ఆడవాళ్లను ఆరు నెలలు ఉంచుకుని సోలార్ దీపాల పని నేర్పి పంపేవారు, ప్రయాణ ఖర్చుకు ఐటెక్ తోడ్పడింది. కలంకారీకి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఒక గురువు పోయి పదిమందికి పైపైన నేర్పే ఖర్చుతో ఇద్దరు వచ్చి నాలుగైదు నెలలుండి లోతుగా నేర్చుకోవచ్చు. పని జరిగే ఇళ్ల మధ్య ఉంటారు కాబట్టి చెడిన గుడ్డలు కూడా చూస్తారు. ఇద్దరినే ఎందుకంటే, ఒక్కరైతే తిరిగెళ్లాక పెళ్లయి ఊరు మారితే విద్య ఆగిపోతుంది. రప్పించేది అమ్మకం తెలిసినవాళ్లనే ఎంచుకోమనండి, బాగా బొమ్మలు గీసేవాళ్లను మాత్రమే కాదు.

వీసాకు పెద్ద తంటా లేదు. ఆరు నెలలకు మించని, అర్హత పత్రం ఇవ్వని చేతిపని కోర్సుకు ఈ-టూరిస్ట్ వీసా మీద రావచ్చు. సర్టిఫికెట్ ఇస్తామంటే మాత్రం వేరే వీసా కావాలి, కాబట్టి ఆశపడి అచ్చువేయించకండి. విదేశీ అతిథి ఇంట్లో దిగిన 24 గంటల్లోపు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో నింపాల్సింది ఆతిథ్యమిచ్చేవాళ్లే, లాడ్జి అయినా ఇల్లయినా. కాలం విషయానికొస్తే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, గుడ్డ ఆరదు. స్వర్ణముఖిలో ఏడాది పొడవునా నీళ్లుండవు కూడా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అనువైన సమయం; మహాశివరాత్రి వారం శ్రీకాళహస్తిలో గది దొరకదు, దానికి ముందే బస కుదుర్చుకోవాలి. తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాలలో కలంకారీ కోర్సు ఉంది. పాఠం ఏ వరుసలో విడగొట్టారో గురువు ఒకసారి వెళ్లి చూస్తే నేర్పడం తేలికవుతుంది.

ఎన్నాళ్లు

రెండు వారాలకు సరిపోయేది ఒక్క మెళకువ: మిషను రిపేరు, ఉలి పదును, మట్టి పరీక్ష, పటిక ఎరుపు. అదీ పని ముందే తెలిసినవాళ్లకు. మూడు నెలలు కుట్టుపనికి సరిగ్గా సరిపోతుంది. ఏడాది అనగానే గొప్పగా ఉంటుంది కానీ గురువు ఉన్నన్నాళ్లు అమ్మకం, కొనుగోలు, తగాదా అన్నీ గురువు నెత్తినే పడతాయి. పోయిన మర్నాడు ఏదీ నడవదు. ఒకేసారి ఏడాది కన్నా మూడు నెలలు ఉండి, ఆరు నెలలు వదిలేసి, మళ్లీ ఆరు వారాలు వెళ్లడం మంచిది. ఆ ఆరు నెలల ఖాళీలో ఏది ఆగిపోయిందో రెండో రాకలో అదే పాఠం. మొదటి రాకలోనే చురుకైన ఇద్దరిని గుర్తించి పదో వారం నుంచి తరగతి వాళ్ల చేతే నడిపించండి. మీరు వెనక బెంచీ మీద కూర్చోండి, నోరు మెదపకుండా ఉండగలిగితే.

కాగితాలు, టీకా

తొలిసారి వెళ్లేవాళ్లకు నేపాల్ తేలిక: పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డుతో వెళ్లొచ్చు, హిందీ వస్తే దుబాసీ కూడా అవసరం లేదు. మిగతా దేశాలకు పాస్‌పోర్టు తిరుపతి సేవా కేంద్రంలోనే చేయించుకోవచ్చు. పదో తరగతి పాసయి ఉంటే ఆ సర్టిఫికెట్ జత చేయండి. లేకపోతే ఈసీఆర్ ముద్ర పడుతుంది. గల్ఫ్, మలేషియా, థాయ్‌లాండ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఆ ముద్ర ఉన్నవాళ్లకు ప్రభుత్వ అనుమతి కావాలి. జీతం లేకపోయినా చాలా దేశాల్లో నేర్పడం పని కిందికే వస్తుంది. "టూరిస్టుగా రండి, తర్వాత చూద్దాం" అనే మాట నమ్మకండి. పట్టుబడితే వెనక్కి పంపేది మిమ్మల్నే, పిలిచినవాళ్లను కాదు. పనితనానికి రుజువుగా కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ కార్డు ఉంటే నకలు పంపండి.

ఎండు కరక్కాయ, మంజిష్ఠ, చింత బొగ్గు మొక్కల సరుకు కిందికి వస్తాయి. విమానాశ్రయంలో ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఆపితే తగలబెట్టేస్తారు. ధ్రువపత్రం తీసుకుని పంపడం, లేదా అక్కడి సరుకుతోనే కానివ్వడం, రెండే దారులు.

కెన్యా, ఉగాండా, ఇథియోపియా, ఘనా వంటి దేశాలకు వెళ్లొచ్చేవాళ్లకు పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా పత్రం తప్పనిసరి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, మనకు దగ్గర చెన్నై. టీకా వేసిన పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది. ఆపైన జీవితాంతం పనికొస్తుంది. పత్రం లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. అక్కడి నుంచి ఇక్కడికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకూ ఇదే నియమం. టికెట్టు పంపే ముందే వాళ్ల పసుపు పుస్తకం (ఆ టీకా పత్రం) ఫొటో తెప్పించుకుని, టీకా తేదీకీ ప్రయాణానికీ మధ్య పది రోజులున్నాయో లేదో లెక్కపెట్టుకోండి.